మాలాకారుని వాకిలి

శ్రీమద్భాగవత దశమ స్కంధమున శ్రీకృష్ణ బలరాములు మథురాపురమును ప్రవేశించిన ఘట్టము మిక్కిలి మనోహరమైనది. ధనుర్యాగమును చూడవచ్చిన ఆ సోదరులకు ఆ పురమున తారసపడినవారిలో చేతిపనితో జీవించువారు పలువురు కలరు. బట్టలుతికి రంగులద్దు రజకుడు, వస్త్రములతో అలంకరించు నేతగాడు, పూలమాలలు కట్టు సుదాముడు, మైపూతలు సిద్ధపరచు కుబ్జ - వీరి కథలన్నియు వరుసగా వచ్చును. పని కోరి వచ్చినవానిని ఎట్లు ఆదరింపవలెనో ఈ కథలు చక్కగా బోధించుచున్నవి.

తమకు తగిన వస్త్రములిమ్మని కృష్ణుడు రజకుని అడిగెను. అతడు కంసుని సేవకుడు. రాజుగారి బట్టలు తన చేతనుండుటయే తన గొప్పతనమని భ్రమించి, కొండలలో, అడవులలో తిరుగువారికి ఇట్టి వస్త్రములు కావలెనా యని హేళన చేసెను. రాజభటుల పేరు చెప్పి బెదరించెను. దాని ఫలమును వెంటనే అనుభవించెను. ఈ కథలో దోషము వృత్తియందు లేదు. 'ఇవి ఇచ్చుటకు నాకు అధికారము లేదు' అని వినయముగా చెప్పుటకైనను అతనికి మనసొప్పలేదు. ఎవని కొలువులో ఉన్నాడో వానినే చూచెను గాని, ఎదుట నిలిచినవానిని చూడలేదు. అదియే అతని దోషము.

పిమ్మట కృష్ణుడు తానుగా సుదాముని ఇంటికి వెళ్లెను. ఆ మాలాకారుడు చూచిన వెంటనే లేచి, సాష్టాంగపడి, ఆసనమిచ్చి, అర్ఘ్యపాద్యములతో పూజించెను. ఆ తరువాత తాను చేయవలసినదేమో ఆజ్ఞాపింపుమని వేడుకొనెను. వారి అభిప్రాయమును గ్రహించి, సంతోషముతో, పరిమళించు మేలైన పూలతో కట్టిన మాలలను సమర్పించెను. మొదట ఆదరము, పిదప వారి కోరికను తెలిసికొనుట, ఆపైన తన చేతిలోని శ్రేష్ఠమైన పనిని అందించుట - ఈ క్రమము గమనింపదగినది. వచ్చినవాని మనస్సు తెలియకముందే తన సరకును పొగడుకొనువాడు సుదాముని మార్గమున నడచువాడు కాడు.

నేడు ఏ యజమాని కొలువునందును చేరక, స్వతంత్రముగా పనిచేసి జీవించువారు పెక్కుమంది కలరు. ఇంట కూర్చుండి బట్టలు కుట్టువారు, విద్యుత్తు పనులు చేయువారు, గ్రంథములను అనువదించువారు, కంప్యూటరుపై బొమ్మలు రచించువారు ఇట్టివారే. వీరిని ఫ్రీలాన్సర్లని పిలుచుచున్నారు. వీరికి నెల తిరుగగానే వచ్చు జీతము లేదు. వచ్చినవాడు మరల వచ్చునో రాడో యను భయము మాత్రము కలదు. ఆ భయమే కాని పనిని అగునని చెప్పించును. కాని గడువుకు ఒప్పించును. తప్పు జరిగినప్పుడు దాచిపెట్టించును.

ఒక గృహిణి పెండ్లికుమార్తె రవికలు కుట్టుటకు బయానా తీసికొన్న దనుకొందము. ముహూర్తము ఇంక ఎనిమిది దినములున్నది. ఆమె బిడ్డకు జ్వరము వచ్చినది. జరీపని సగమైన కాలేదు. 'రేపు రండి' అను మాటతో ఆమె నాలుగు దినములు గడుపవచ్చును. ఐదవనాడు ఆ పెండ్లివారికి మరియొక దారి మిగులదు. అట్లుగాక, ఆ సాయంత్రమే కబురు పంపి, 'ఇంతవరకు నేను చేయగలను, మిగిలినది నా వలన కాదు' అని చెప్పి, చేయని పనికి తీసికొన్న సొమ్మును తిరిగి ఇచ్చి, మరియొక నేర్పరిని చూపవచ్చును. ఆమెకు ఆనాడు నష్టమే. కాని ఒక యింటి శుభకార్యము నిలిచినది. ఆ సత్యమే ఆమె ఆ కన్యకు వేసిన పూలమాల.

అయినచో వచ్చినవాడు ఏది కోరినను తల వంచవలెనా? వలదు. మహాభారత శాంతిపర్వమున వారణాసి వర్తకుడైన తులాధారుడు, తపోగర్వముతో వచ్చిన జాజలికి ధర్మమును బోధించెను. తన త్రాసు సమస్త ప్రాణులకు సమముగా నుండునని, కపటము లేక కొని అమ్ముచుందునని అతడు చెప్పెను. త్రాసుకు రెండు తట్టలు కలవు. కొనువానిని మోసగించుట ఎట్టి అధర్మమో, తన కష్టమునకు తగిన వెల అడుగుటకు జంకి, పిదప మనసులో కసి పెంచుకొని పని పాడుచేయుటయు అట్టిదే. వెలను, గడువును, పని హద్దును ముందే స్పష్టముగా చెప్పుట ఇరువురికిని మేలు.

సుదాముడు వచ్చినవారెవరో ఎరిగెను. సామాన్యులకు అట్టి జ్ఞానము లేదు గదా యని సందేహము కలుగవచ్చును. సకల జీవులును భగవంతునికి శరీరమని శ్రీరామానుజులు ఉపదేశించిరి. కావున వాకిట నిలిచిన ప్రతివానియందును ఆ అంతర్యామియే కలడు. సర్వభూతములకు మూలమైన ఆ పరమాత్మను తన కర్మతోనే అర్చించి మానవుడు సిద్ధి పొందునని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున సెలవిచ్చెను. ఈ మాలాకారుని ఆదర్శముగా గొని పెరియాళ్వారు శ్రీవిల్లిపుత్తూరున పూదోట పెంచి, స్వామికి మాలలు కట్టి సమర్పించిరని సంప్రదాయము.

వరము కోరుకొమ్మన్నప్పుడు సుదాముడు ధనమును కోరలేదు. అచంచలమైన భక్తిని, భక్తులతో స్నేహమును, సకల ప్రాణులయందు దయను కోరెను. స్వామి వానిని ప్రసాదించి, అడుగకయే సంపదను, బలమును, ఆయువును, కీర్తిని కూడ అనుగ్రహించెను. చేతిపనితో జీవించువారు ఉదయమున పనిముట్లను తాకునపుడు ఆ మూడు వరములను ఒక్కసారి స్మరింతురు గాక! ఆనాడు వాకిలి తట్టువాడు ఎవడైనను, వానికి మంచి మాటయు, మంచి పనియు లభించును.