యౌవనస్థులు ఎంతకాలము కనిపెట్టవలెను?

పఠనభాగము: 1 రాజులు 12:1–16



మన నిర్మల్ ప్రాంతపు గ్రామములలో యౌవనస్థుడెవడైనను ఊరి వ్యవహారములో నోరు విప్పినయెడల, బైబిలు తెలిసిన పెద్దలు వెంటనే రెహబామును జ్ఞాపకము చేయుదురు. వృద్ధుల ఆలోచన త్రోసివేసి, తనతో పెరిగిన యౌవనస్థుల మాట విని, రాజ్యమును రెండుగా చీల్చుకొన్నాడు గదా! అంతటితో ఆ పిల్లవాడు కూర్చుండును.

అయితే రెండు పుటలు త్రిప్పి 14వ అధ్యాయము 21వ వచనము చదువుడి. రాజైననాటికి రెహబాము వయస్సు 41 సంవత్సరములు. అతనితోకూడ పెరిగినవారును ఇంచుమించు ఆ ప్రాయమువారే. మన ఊళ్లలో ఆ వయస్సునకు కుమార్తె పెండ్లి చేసినవారు కలరు! మరి వృద్ధులు అతనికిచ్చిన ఆలోచన యేది? ప్రజలకు సేవకుడై వారి కాడి తేలిక చేయుమనుటయే. కనుక రెహబాము చెడినది కుర్రతనము వలన కాదు, మొఱపెట్టుకొనిన ప్రజలను లెక్కచేయకపోవుట వలన. నెరసిన తల గలవాడును ఆ పాపము చేయగలడు. ఈ భాగమును యౌవనస్థుల నోటికి తాళముగా వాడుట వాక్యమునకు అన్యాయము.

మన రాష్ట్రపు సంగతి చూడుడి. 1969లో ప్రత్యేక తెలంగాణ కొరకు ముందుగా వీధులలోనికి వచ్చినవారు విద్యార్థులు. పోలీసు కాల్పులలో చనిపోయినవారిలో చదువుకొను పిల్లలు అనేకులు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి 10 స్థానములు గెలిచెను. ఆ యేడే ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయెను. కలుపుటకు ముందు, పిల్లలను పోగొట్టుకొనిన తల్లిదండ్రులను ఎవరడిగిరి? 2009లో మరల ఉస్మానియా విద్యార్థులు లేచిరి. కొందరు తమ దేహములను అగ్నికి అప్పగించుకొనిరి. (ఆ మార్గమును నేను ఎన్నటికిని మెచ్చుకొనను.) 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చినది. విద్యార్థి నాయకులలో కొందరు శాసనసభకు వెళ్లిన మాట నిజమే. తక్కిన అనేకులు ఉద్యోగ ప్రకటనల కొరకు ఎదురుచూచుచు వయస్సు మీరిపోయిరి.

చట్టము మాత్రము తలుపు మూయలేదు. 1989 నుండి 18 ఏండ్లవానికి ఓటు కలదు. 21 ఏండ్లకు సర్పంచ్ కావచ్చును, 25 ఏండ్లకు శాసనసభకు నిలువవచ్చును. తలుపు మూసినది మనుష్యులు. ఓటు ఇచ్చుటకు కొంచెము ముందే, 1988 నుండి, ఉస్మానియాలో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయినవి. ఒక చేతితో ఓటిచ్చి, ఇంకొక చేతితో ఆ ఓటును నేర్పు బడిని మూసివేసినట్లాయెను.

2023 శాసనసభ ఎన్నికలలో 26 ఏండ్ల ప్రాయమువారు ఇద్దరు గెలిచిరి. మెదక్‌లో గెలిచిన యువకుని తండ్రి అప్పటికే శాసనసభ్యుడు. పాలకుర్తిలో గెలిచిన యువతికి టిక్కెట్టు దొరికినది, అత్తగారి పౌరసత్వము విషయములో చిక్కు వచ్చుట వలన. వారిని నేను తప్పుపట్టుట లేదు. తలుపు ఏ ఇంటివారికి తెరచుకొనునో చెప్పుచున్నాను. అదే ఎన్నికలో కొల్లాపూర్‌లో బర్రెలక్క అని పేరుపొందిన శిరీష, డిగ్రీ చదివి ఉద్యోగము లేక బర్రెలు కాయుచున్నానని చెప్పిన ఆడపిల్ల, ఏ పార్టీయు లేక స్వతంత్రముగా నిలిచెను. ఓడిపోయెను, అయినను 5,700 మందికి పైగా ఆమెకు ఓటు వేసిరి. సౌలు తన కవచమును దావీదునకు తొడిగినట్లు, పార్టీలు మన కుర్రవాండ్రకు కండువాలు తొడిగి, బండికి పెట్రోలు పోయించి ఊరేగింపునకు తీసికొనిపోవును. దావీదు ఆ కవచముతో నడువలేక తీసివేసెను. మనవారు తీయుట లేదు, అదియే నా దుఃఖము.

దూరమేల? మన జిల్లాలోని బాసర ట్రిపుల్ ఐటీలో 2022 జూన్ నెలలో వేలాది విద్యార్థులు సుమారు వారము దినములు ఎండలోను వానలోను గొడుగులు పట్టుకొని కూర్చుండిరి. వారిలో అనేకులకు ఓటు వయస్సే లేదు. పదవ తరగతి ముగించి పల్లెలనుండి వచ్చిన బిడ్డలు. అడిగినదేమి? పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, చాలినంతమంది అధ్యాపకులు, తినదగిన భోజనము. విద్యామంత్రి వచ్చి మాటలాడిన తరువాత తరగతులకు వెళ్లిరి. అడిగినవన్నియు వెంటనే దొరికెనని చెప్పజాలను. అయితే వారు కనిపెట్టుకొని కూర్చుండిన యెడల మంత్రి వచ్చియుండునా?

తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞ యేమైనదని కొందరడుగుదురు. సన్మానించుటయనగా తండ్రికి అన్నము పెట్టుట, ఆయన మాట చెవిని బెట్టుట. మన ఓటును ఊరి పెద్ద చేతిలో పెట్టుట కాదు. సర్పంచ్ పదవిని వేలము పాడి ఏకగ్రీవమని చాటించిన ఊళ్లు కలవని పత్రికలలో చదువుచున్నాము. ఎక్కువ సొమ్ము పెట్టినవాడు గెలిచినచోట 21 ఏండ్లవాడు ఏమి పాడగలడు? స్త్రీలకు సగము స్థానములు చట్టమిచ్చినను, సంతకము ఆమెది, కుర్చీ భర్తది అయిన గ్రామములు ఎన్ని! సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుటను ప్రధానులందరి యెదుటను నిలిచి తమ భాగము అడిగిరి (సంఖ్యా 27). వారు అడిగినది న్యాయమని దేవుడే సెలవిచ్చెను. వారు తమంతట తామే నిలిచి అడిగిరి, తమ పక్షముగా ఒక మగవానిని పంపలేదు.

మన సంఘములకును ఇందులో పాలు కలదు. క్రిస్మసుకు పందిరి వేయువారు, దీపములు కట్టువారు, క్వయరులో పాడువారు యౌవనస్థులు. కానుకల లెక్క పుస్తకము మాత్రము వారికి చూపము. పాస్టరేట్ కమిటీలో ముప్పది ఏండ్లలోపువారు ఎందరో పెద్దలు లెక్కించుకొందురు గాక.

యౌవనులారా, 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగవలెను. దానికి టిక్కెట్టు అక్కరలేదు, కండువా అక్కరలేదు; ఓటు ఉన్న ప్రతివాడును దానిలో సభ్యుడే. నలుగురైదుగురు కలిసి, అక్కచెల్లెండ్రతోకూడ వెళ్లుడి. పెద్దలకు నమస్కరించి కూర్చుండుడి. నల్లా నీరు మన వాడకు ఎందుకు రావడములేదో, మోరీ పనికి ఎంత ఖర్చు వ్రాసిరో అడుగుడి. చెప్పినది కాగితముమీద వ్రాసికొనుడి. చెప్పకపోయిన యెడల, రెండు నెలలకు మరల సభ యున్నది. అదే కాగితము పట్టుకొని మరల వెళ్లుడి.