స్టీలు గ్లాసు సంగతి

చిన్నాకి తాతయ్య దీవెనలు.

మొన్న ఆదివారం మీ చెల్లి నీ ఓపెన్ మైక్ వీడియో చూపించింది. ఇంటి ఓనరమ్మ, నీళ్ల మోటారు కథకి హాలంతా పడిపడి నవ్వింది. మీ నానమ్మా నవ్వింది. తాతయ్యకి నవ్వు రాలేదు. పోయిన సంక్రాంతికి మన డాబా మీద ఆ కథ ఎవరి నోట విన్నాడో గుర్తుంది.

వంటింటి పై అరలో పేరు చెక్కిన స్టీలు గ్లాసు ఉంది కదా. చిన్నప్పుడు దాంట్లో మంచినీళ్లు తాగబోతే తాతయ్య లాగేసుకున్నాడని రోజంతా ఏడ్చావు. దాని సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

1974లో గుంటూరు కాలేజీ హాస్టల్లో తాతయ్య గదిలోనే ఉండే మిత్రుడు ఎర్రబస్సు కండక్టరుని అచ్చుగుద్దినట్టు దింపేవాడు. ప్రతి శనివారం ఊరెళ్తూ, టాపు మీద గంప ఎక్కించమనే ముసలమ్మతో కండక్టరు పడే గొడవ విని, మాట మాట కూర్చుకున్నాడు. వార్షికోత్సవంలో తాతయ్య పేరు ముందు పిలిచారు. పాట పాడతానని పేరిచ్చినవాడు కండక్టరు మాటలు మొదలుపెట్టాడు. ఈలలు మోగాయి. బహుమతిగా ఆ గ్లాసిచ్చారు. తెర పక్కన తన వంతు కోసం నిలబడ్డ మిత్రుడు భుజాన వేసుకున్న టికెట్ల సంచీ తీసి కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. చదువయ్యేదాకా ఒకే గది. మాట లేదు. పెళ్లికి శుభలేఖ పంపినా రాలేదు.

స్టాండప్‌కి పుట్టినిల్లు లాంటి అమెరికాలోనూ ఈ గాయం ఉంది. 2007 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ కామెడీ స్టోర్‌లో కమెడియన్ జో రోగన్ స్టేజీ ఎక్కి, తోటి కమెడియన్ కార్లోస్ మెన్సియాని జోకుల దొంగ అని ముఖం మీదే అన్నాడు. మెన్సియా ఒప్పుకోలేదు. ఆ క్లబ్బు దూరం పెట్టింది రోగన్‌నే. అతను మళ్లీ అక్కడికి వచ్చింది 2014లో.

కోర్టుకెక్కేవాళ్లు అరుదు. తన జోకులు వాడుకున్నాడని టీవీ వ్యాఖ్యాత కోనన్ ఓబ్రయన్ మీద రచయిత అలెక్స్ కేస్‌బర్గ్ 2015లో వేసిన దావా 2019లో విచారణకు ముందే రాజీతో ముగిసింది. ఒకే వార్త చూసిన ఇద్దరికి ఒకే జోకు తట్టవచ్చన్నది కోనన్ వాదన. నిజమే, వార్తల మీద జోకులకి ఆ మాట చెల్లుతుంది. ఒకరి ఇంటి మోటారు ఇంకొకరికి ఎలా తడుతుంది?

మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, కాపీరైటు ఆలోచనకి లేదు, దాన్ని చెప్పిన రూపానికే అని తేల్చింది. అంటే నాలుగు మాటలు మారిస్తే చట్టానికి దొరకడం కష్టం. అందుకే అమెరికా కమెడియన్లు తమలో తామే కట్టుబాటు పెట్టుకున్నారు. ఓలియర్, స్ప్రిగ్మన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యులు 2008లో దీని మీద పెద్ద వ్యాసమే రాశారు. దొంగగా పేరుపడ్డవాడితో ఒకే వేదిక ఎక్కడానికి తోటివాళ్లు ఇష్టపడరట.

ఇప్పుడు ఫోన్లలో మాత్రం ఎవరి మాట ఎవరిదో అడిగే నాథుడే లేడు. ముప్పై సెకన్ల ముక్క కోస్తారు, అసలు పేరు చెరిపేస్తారు, లక్షల మందికి పంచుతారు. మొదట చెప్పినవాడు తన మాటే ఎవరి ఫోన్లోనో వింటూ కూర్చోవాలి.

ఇవాళే ఆ వీడియో తీసెయ్. డాబా మీద ఆ కథ చెప్పిన అబ్బాయికి మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్. తీసుకున్నానని ఒప్పుకో. తిడితే విను. మధ్యలో సర్దిచెప్పకు. వచ్చే షోలో రెండు నిమిషాలు తగ్గితే తగ్గనీ. రోజూ మెట్రోలో, మీ మెస్‌లో విన్నది తేదీ వేసి రాసుకో.

అతనితో మాట్లాడాక తాతయ్యకి ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాడు.