పొరుగింటి మసాలా



ఇచ్చుటను గురించి మన సంఘాలలో ఎన్నో ప్రసంగాలు వింటాము. దశమభాగము, కోత పండుగ కానుకలు, పిడికెడు బియ్యము, ఇవన్నీ మనకు తెలిసినవే. అయితే పుచ్చుకొనుటను గురించి బోధ అరుదు. పుచ్చుకొనుట కూడా ప్రేమలో ఒక భాగమేనా? లేక అది అవసరములో ఉన్నవారి పని మాత్రమేనా? ఈ ప్రశ్నను ఒక కోడికూర దగ్గర కూర్చుని ఆలోచించుదాము.

మగ్గాల పని కోసం తెలంగాణ నుండి వెళ్ళిన కుటుంబాలు మహారాష్ట్రలోని సోలాపూరులో తరతరాలుగా ఉన్నాయి. అక్కడి మరాఠీ ఇండ్లలో కాళా మసాలా, అనగా నల్ల మసాలా, కొట్టి డబ్బాలలో నిలువ చేస్తారు. ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నువ్వులు, ఎండుకొబ్బరి, లవంగాలు, దాల్చినచెక్క మొదలైనవి ముదురు రంగు వచ్చేదాకా వేయించి పొడి చేస్తారు. అందులో వేసే దగడ్ ఫూల్, అనగా రాతిపువ్వు, దానికొక ప్రత్యేకమైన వాసన ఇస్తుంది. పేరుకు పువ్వే గాని, అది రాళ్ళమీద, చెట్ల బెరడుమీద పెరిగే పాచివంటిది. పాళ్ళు మాత్రం ఇంటింటికీ వేరు.

అటువంటి డబ్బా ఒకటి పొరుగింటి తల్లి తెచ్చి ఇచ్చినదనుకొందాము. కొందరు మూత తీయకుండానే అటకమీద పెడతారు. కొందరు ఆ సాయంత్రమే రెండింతలు మిఠాయి పంపి బాకీ తీర్చుకొంటారు. మరికొందరు కూరలో చిటికెడు వేసి, దానిమీద మన గరం మసాలా, గసగసాలు గుప్పించి ఆ వాసనే తెలియకుండా చేస్తారు. ఈ ముగ్గురూ డబ్బాను పుచ్చుకొన్నారు గాని, ఇచ్చిన మనిషిని పుచ్చుకొనలేదు.

నిజముగా పుచ్చుకొనుట అడుగుటతో మొదలవుతుంది. "ఎంత వేయాలి? ఎప్పుడు వేయాలి?" అని ఆ తల్లినే అడగాలి. వంట కష్టమైనది కాదు. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేగాక కిలో కోడిముక్కలు, పసుపు, ఉప్పు వేసి మగ్గనివ్వాలి. మంట తగ్గించి మసాలా రెండు చెంచాలు వేసి, కలిపిన వెంటనే వేడినీళ్ళు పోసి ఉడికించాలి. ముందే వేగిన పొడి గనుక నూనెలో ఎక్కువసేపు ఉంచితే మాడి చేదెక్కుతుంది. మొదటిసారి మరే మసాలా వేయకూడదు. ఎదుటివారు మాటలాడుచుండగా మనము మధ్యలో అందుకొనము గదా! వేడి జొన్నరొట్టెతో వడ్డించండి. వారు భాకరీ అనేది మన పెద్దలు తిన్న ఆ జొన్నరొట్టెయే.

పుచ్చుకొనుటకంటె ఇచ్చుటలో ధన్యత ఎక్కువని ప్రభువు చెప్పిన సంగతిని పౌలు ఎఫెసు సంఘపు పెద్దలకు జ్ఞాపకము చేసెను (అపొ. కార్య. 20). అంతమాత్రాన పుచ్చుకొనుట అవమానమని అర్థము కాదు. ఇచ్చుట ధన్యమైతే ఆ ధన్యత మన పొరుగువారికి కూడ కావలెను గదా! మనము చేయి చాపకపోతే వారు ఎవరికి ఇవ్వగలరు? సమరయ స్త్రీకి జీవజలమును గురించి చెప్పకముందు ప్రభువు ఆమెను త్రాగుటకు నీళ్ళు అడిగెను (యోహాను 4). తాను పంపిన డెబ్బది మందికి, దిగిన యింటివారు వడ్డించినదే మీ భోజనమని నేర్పెను (లూకా 10).

"ఇలాగైతే మన రుచి, మన భాష మన పిల్లలకు మిగులునా?" అని కొందరు అడుగుదురు. ఊరు విడిచి వచ్చిన వారికి అది న్యాయమైన భయమే. గోంగూర, ఆవకాయ మన ఇండ్లలో ఉండవలసినవే, తెలుగు బైబిలు మన పిల్లలు చదువవలసినదే. కాని ఇచ్చేవారము మేమే, నేర్పేవారము మేమే అని కూర్చుంటే అది మనదానిని కాపాడుకొనుట కాదు, గర్వము. మనస్సాక్షికి అడ్డు వచ్చినదానిని వినయముగా వద్దనవచ్చును. అయితే రుచి కొత్తదైనంత మాత్రాన అది మనస్సాక్షికి అడ్డు కాదు.

డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న మన అలవాటు మంచిదే. ఆ యింటివారు మాంసము తిననివారైతే మన పచ్చడి ఏదైనా పెట్టి పంపండి. దానికంటె ముందు, కూర ఎలా కుదిరినదో వెళ్ళి చెప్పండి. ఆ తల్లి ఎదురుచూచేది ఆ మాటకే.

ఇచ్చే చేతులతో పాటు పుచ్చుకొనే మనస్సును కూడ ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.