పెరటి కోడి, అహింస

గుడ్డు శాకాహారమా, మాంసాహారమా అన్న వాదం దేశంలో పాతదే అయినా, అది సాధారణంగా గుడ్డులో ప్రాణం ఉందా లేదా అన్న ఒక్క అంశం చుట్టూనే తిరుగుతూ, ఆ గుడ్డు పెట్టిన ప్రాణిని పక్కన పెట్టేస్తుంది. ఐతరేయోపనిషత్తు జీవులను అండజాలు, జారుజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని, అంటే వరుసగా గుడ్డు నుంచి, గర్భం నుంచి, చెమట నుంచి, నేలను చీల్చుకుని పుట్టేవని నాలుగు విధాలుగా చెప్పింది. గుడ్డును జన్మస్థానంగా చూసే ఈ దృష్టికి దాన్ని తినడం పుట్టబోయే జీవిని చంపడంగానే కనిపిస్తుంది. అయితే పుంజు తోడు లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుందనీ, అలాంటి గుడ్డును 21 రోజులు పొదిగించినా పిల్ల కాదనీ కోళ్లు పెంచేవారందరికీ తెలుసు. గాంధీజీ 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యంపై రాసిన పుస్తకంలో దీనినే ఆధారం చేసుకుని, పాలు తాగేవారు ఇటువంటి గుడ్లకు అభ్యంతరపడనక్కర్లేదని వాదించారు.

ఆ వాదం బలమైనదే గానీ, చివరిదాకా తీసుకువెళితే అది గుడ్డును నిర్దోషిగా తేల్చడానికి బదులు పాలను కూడా బోనులో నిలబెడుతుంది. ఎందుకంటే పాలివ్వని కోడెదూడకూ, వట్టిపోయిన ఆవుకూ ఉన్న చిక్కే గుడ్డు పెట్టని పుంజుకూ, ముసలి పెట్టకూ ఉంది. గుడ్ల కోసమే వృద్ధి చేసిన జాతుల్లో మగపిల్ల మాంసానికి కూడా లాభసాటిగా ఎదగదు కాబట్టి, హేచరీల్లో, అంటే గుడ్లను యంత్రాలతో పొదిగించే కేంద్రాల్లో, వాటిని పుట్టిన రోజే చంపేయడం చాలా దేశాల్లో మామూలైంది. జర్మనీ దీనిని 2022 జనవరి నుంచి నిషేధించింది.

పంజరపు కోళ్ల గుడ్లు వద్దనుకుని పెరట్లో నాలుగు పెట్టలతో పెంపకం మొదలుపెట్టేవారు ఈ హింసను దాటేశామని భావించడం సహజం. కానీ పెట్టపిల్లలను మాత్రమే ఏరి కొంటే, వాటితో పుట్టిన మగపిల్లల గతి కొన్నవారి కంటికి దూరమవుతుందే తప్ప మారదు. ఇంట్లోనే గంప కింద పొదిగిస్తే పుట్టేవాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి, అవి పెరిగాక ఒకదానితో ఒకటి పోరాడతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికివచ్చే రకం కనుక అందులో మగపిల్లకు కొన్ని నెలల బతుకు దక్కుతుంది, అయితే దాన్ని పెంచేదే కోతకు. పెట్టల విషయానికొస్తే, మొదటి ఏడాది బాగా ఉన్న గుడ్ల సంఖ్య తర్వాత ఏటేటా తగ్గిపోతుంది, ఆయుష్షు మాత్రం అయిదు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉండవచ్చు. (ముసలి ఆవుకు గోశాల కట్టిన సమాజం ముసలి పెట్టకు ఏదీ కట్టలేదన్నది గమనించదగ్గది.)

కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం, అని బౌద్ధం చెబుతుంది. చంపాలన్న సంకల్పం లేదు కనుక గుడ్లు మానిన పెట్టను సంతలో అమ్మేస్తే దోషం అంటదని కొందరు సమాధానపడవచ్చు. కొన్నవాడు దాన్ని ఏం చేస్తాడో తెలిసి అమ్మినప్పుడు ఈ సమాధానం నిలవదు. ధర్మశాస్త్రాలు గృహస్థుకు రోజూ చేయమన్న పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి, అంటే ఇతర ప్రాణులకు అన్నంలో భాగం పెట్టడం. అందులో తిరిగి ఆశించేది ఏమీ లేదు. కోళ్ల పెంపకం అలాంటి దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. నూకలూ, గుల్లల పొడీ, కొక్కెర తెగులుగా పిలిచే రాణీఖేత్ వ్యాధికి టీకా, ముంగిస చొరబడలేని గూడు పెట్టకు రావలసిన బాకీలే గానీ దయాదానాలు కావు. గుడ్లు ఆగిన నాడు ఈ బాకీ రద్దయిపోతుందనడానికి అహింసావాదంలో ఆధారం దొరకదు.

మాంసం తినే ఇంటికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ పుంజూ ముసలి పెట్టా పులుసులోకి వెళతాయి, ఆ లెక్కలో దాపరికమూ లేదు. అహింస పేరుతో పెంచేవారు మాత్రం గుడ్లు పెట్టని కోళ్లను చివరిదాకా మేపే తాహతు, ఓపిక ఉన్నాయో లేవో పిల్లలను కొనకముందే తేల్చుకోవాలి. లేవని తేలితే గుడ్లు మానుకోవడమే వారికి నిజాయతీ గల మార్గం.