వల కనబడే నీళ్లలో

ధ్యాన భాగము లూకా 5:1-11.

మన రాయచూరు జిల్లా క్యాంపులలో కాలువ ప్రక్కన పెరిగిన పిల్లలకు చేపలు పట్టుట ఎవరును నేర్పనక్కరలేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీరు బురదగా ఉన్నంతకాలము గాలము ఎవరు వేసినను ఏదో ఒకటి పడును. అయితే కంకర కోసము తవ్వి వదిలిన లోతు గుంటల సంగతి వేరు. (పిల్లలను అటు పంపకండి, అంచు దాటితే అడుగు అందదు.) వానకాలపు మట్టి అడుగుకు దిగి, చలికాలమునకు ఆ నీళ్లు తేటపడును. మనము చేపను చూడకముందే అది మనలను చూచును. గట్టు మీదివాని నీడ పడితే చాలు, లోతుకు పోవును. చలికి దాని ఆకలియు మందగించును.

గెన్నేసరెతు సరస్సు అటువంటిదే. లోతు సుమారు 140 అడుగులు. పగటి వెలుగులో ఆ తేట నీళ్లలో నారవల చేపలకు కనబడును గనుక జాలరులు రాత్రియందే వేసెడివారు. చలికాలములోను వసంతములోను కపెర్నహూము దగ్గర తబ్గా అనుచోట, వెచ్చని ఊటలు కలిసే నీళ్లకు చేపలు గుంపులుగా చేరును. పేతురుకు ఆ నీళ్లు, ఆ కాలములు అన్నియు తెలియును. అట్టివాడు రాత్రంతయు శ్రమపడి వలలు కడుగుకొనుచుండగా, ఒక వడ్రంగి పగటివేళ లోతునకు పొమ్మనెను! పేతురు తన అనుభవము చెప్పుకొనెను. అయినను చెప్పినవాడు ప్రభువు గనుక వల దించెను.

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోను ఇట్టి రాత్రి ఉన్నది. శామ్యూల్ డే దొరగారు 1836లో వచ్చిరి. 1853 నాటికి ఫలము కొద్దిమందే. ఈ పని మూసివేయుదమా అని అమెరికాలో మిషనువారు చర్చించిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు మరి కొందరితో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది ఊరి వెలుపలి వాడలవారే.

మరి మనము నేడు వల ఎక్కడ వేయుచున్నాము? మన బంధువులలోనే, మన క్యాంపు తెలుగువారిలోనే. ఆ గట్టు మనకు అలవాటు. నాట్లకు వచ్చే కన్నడ కూలీలు మందిరము గోడ ప్రక్కనే గుడిసెలు వేసుకొందురు. క్రిస్మసునాడు వారికి అన్నము పెట్టుదుము, మంచిదే. లోపల మనతోకూడ చాపమీద కూర్చుండబెట్టిన సంఘములు ఎన్ని? తేట నీళ్లలోని చేపలవలె వారు మనలను బాగుగా చూచుచున్నారు. శనివారపు కూలి లెక్కలో మనము తగ్గించిన ఇరువది రూపాయలు, ఆదివారపు ప్రసంగముకంటె వారికి స్పష్టముగా కనబడును.

మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. వాక్యమును కన్నడములో చదివి వినిపించగలవారు మన ఇండ్లలోనే ఉన్నారు, మనమే వారిని అడుగుట లేదు. ఈసారి నాట్లకు ముందు పాత లెక్కలు సరిచేసి, సంఘ పెద్దలు ఇద్దరు, ఆ పిల్లలలో ఒకరు కలిసి గుడిసెల యొద్దకు వెళ్లండి. మొదటి వారము ఎవరును రాకపోవచ్చును. పేతురు రెండవ దోనెవారిని సైగచేసి పిలిచెను గదా, ప్రక్క క్యాంపు సంఘమునుకూడ అడగండి.