బోధించినవారి ఋణము



మనకు వాక్యము బోధించి గతించినవారిని జ్ఞాపకము చేసికొనవలెనని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము మనకు బుద్ధి చెప్పుచున్నది. ఇందు సందేహము లేదు. అయితే ఎట్లు జ్ఞాపకము చేసికొనవలెను? పటము కట్టించి గోడకు తగిలించుటయా? ఏటేట కూడి కన్నీరు విడుచుటయా? ఇవియు ప్రేమకార్యములే. వీనిని తక్కువ చేయరాదు. అయినను వారి ఋణము ఇంతటితో తీరునా?

ఉపాధ్యాయులకే ఉపాధ్యాయుడైన ఒకరిని తలంచుకొందము. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిరి. వారి మాతృభాష తమిళము. మన ప్రజలకొరకు తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్ బిషప్పు అయిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మనవారు ఆయనను ప్రేమతో 'తండ్రిగారు' అని పిలిచిరి.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన మిషనెరీల త్యాగమును మెచ్చుకొనుచునే, వారినుండి స్నేహము కూడ కావలెనని ధైర్యముగా అడిగిరి. ఇతరులను అడిగినది తామును చేసిరి. ఎద్దుబండిమీదను సైకిలుమీదను పల్లెలకు పోయిరి. బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, సువార్త చెప్పుదుమని ఒప్పించెడివారు. నేర్చుకొన్నవాడు ఊరకుండరాదని వారి భావము. ఒక్కడు వేయి పల్లెలలో బోధింపజాలడు, బోధించువారిని తయారుచేయగలడు. 1935 నాటికి ఆ అధ్యక్షమండలములో 250 మంది భారతీయ కాపరులును, 2,000 మందికి పైగా గ్రామోపాధ్యాయులును ఉండిరి.

సంఘైక్యత కొరకు ఆయన 1919 నుండి పాటుపడిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆ దినమును ఆయన చూడలేదు. నేడు మెదక్ అధ్యక్షమండలములోనున్న మన నిజామాబాదు, బోధను సంఘములకు ఆయన చూడని ఆ పంటలో పాలు కలదు.

చెరకు పండించిన మీకు ఒక సంగతి బాగుగా తెలియును. తోట నరికిన పిమ్మట మొదళ్లనుండి మరల పిలకలు లేచును. క్రొత్తగా నాటకయే పంట వచ్చెనని రైతు సంతోషించును. అయితే ఏండ్లు గడచినకొలది గడ సన్నగిలును, దిగుబడి తగ్గును. అప్పుడు పాత మొదళ్లను పొగడుచు కూర్చుండిన రైతు ఎవడు? పొలము దున్ని, కన్నులున్న మంచి ముచ్చెలు నాటవలసినదే. జ్ఞాపకమును అట్టిదే. తాతలు నేర్చినదానిమీద మనము కొంతకాలము బ్రతుకవచ్చును. నాటకపోయినయెడల అది సన్నగిలును.

“అట్టి మహనీయులు ఇప్పుడెక్కడ? మాకు అంత శక్తి లేదు” అని మీరు అనవచ్చును. గురువును జ్ఞాపకము చేసికొనుట అనగా గురువువలె నగుటయని ఎవరు చెప్పిరి? యూదులలో గొప్ప బోధకుడైన గమలీయేలును చూడుడి. అపొస్తలులను విడిచిపెట్టుడని ఆయన సభలో శాంతముగా ఆలోచన చెప్పెను. ఆయన పాదములయొద్ద పెరిగిన సౌలు సంఘమును హింసించెను! తరువాత గురువు నడువని మార్గమున ప్రభువును వెంబడించెను. అయినను తాను ఎవరియొద్ద నేర్చుకొనెనో యెరూషలేములో జనులయెదుట చెప్పుటకు సిగ్గుపడలేదు. శిష్యుడు గురువునకు నీడ కానక్కరలేదు. బోధించువాడు విత్తును, ఫలము అతని చేతిలో లేదు.

యూదులు ధర్మశాస్త్రము చదివిన పిమ్మట చెప్పు ప్రార్థన ఒకటి కలదు. అందులో తమ బోధకులకొరకును, వారి శిష్యులకొరకును, ఆ శిష్యుల శిష్యులకొరకును సమాధానము వేడుకొందురు. ఇది ఎంత లోతైన మాట! గతించినవారి ప్రక్కనే, ఇంకను రావలసినవారిని నిలువబెట్టుచున్నారు.

1937లో స్థాపింపబడిన మన బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడినది. గోడలున్నంతమాత్రమున చెరకు ఆడదని మీకు వేరుగా చెప్పనేల? గుడిగోడమీద పటముండి, ఆదివారపు బడిలో పంతులు లేనియెడల మన జ్ఞాపకమును అట్టిదే.

కాబట్టి సహోదరులారా, సహోదరీలారా, మిమ్మును మీరే ప్రశ్నించుకొనుడి. మీకు మొదట అక్షరము దిద్దించినదెవరు? ప్రార్థించుట నేర్పినదెవరు? వారి పేరు మీ పిల్లలకు చెప్పితిరా? మీ తరువాత మీ ఊరిలో బోధించువారెవరు? వచ్చే ఆదివారము ఒక యౌవనస్థుని మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. పాఠము అతనిచేత చెప్పించుడి. తడబడిన నవ్వకుడి. వాని యింటికి పోయి స్నేహితునివలె మాటలాడుడి. గతించిన గురువునకు ఇంతకంటె మంచి పూలమాల లేదు.

మనకు బోధించినవారిని ఇచ్చిన దేవుడు, మనచేత బోధింపబడువారిని కూడ అనుగ్రహించును గాక. ఆమేన్.