చెవిలో మాట, నోటి మాట



టీవీ వార్తల్లో విలేకరి మైకు పట్టుకుని మాట్లాడేటప్పుడు ఒక విషయం మీరు గమనించే ఉంటారు. స్టూడియో నుండి ప్రశ్న వస్తుంది. ఆయన వెంటనే బదులు చెప్పడు. ఒక్క క్షణం ఆగి, చెవి దగ్గర వేలు పెట్టి, తల ఊపి, ఆ తరువాత నోరు విప్పుతాడు. 2023 జూలైలో టమాటా ధర ఆకాశాన్నంటినప్పుడు మదనపల్లె మార్కెట్టులోను, ఎన్నికల వేళ కుప్పంలోను, పొట్టి ఆవుల కథ చెప్పవలసినప్పుడు పుంగనూరులోను కనిపించే దృశ్యమే ఇది. చూసేవారికి ఆయన ఒక్కడే కనిపిస్తాడు. వినిపించేదీ ఆయన గొంతే. కాని ఆయన చెవిలో మరొకరున్నారు.

ఆ మరొకరి మాట విని ఈయన చెప్పేది ఎవరి మాట? అందులో తప్పు దొర్లితే అది ఎవరి తప్పు? ఇది టీవీవారి గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఇంటి ముంగిట నిలిచిన ప్రశ్నే ఇది. ఎలాగో చూద్దాం.

ముందుగా ఆ పరికరం సంగతి తెలుసుకుందాం. ప్రసార రంగంలో దీనిని ఐఎఫ్‌బి అంటారు. ఇంటరప్టిబుల్ ఫోల్డ్‌బ్యాక్ అనే పేరుకు పొట్టి రూపం. అంటే మాట్లాడేవాని చెవికి కార్యక్రమం శబ్దాన్ని తిరిగి పంపుతూ, అవసరమైనప్పుడు మధ్యలో అడ్డుపడి నాలుగు మాటలు చెప్పే ఏర్పాటు. చెవిలో ఇమిడే చిన్న ఇయర్‌పీస్, చొక్కా కాలరు వెనుకగా దిగే సన్నని గొట్టమో తీగో, అవతల కంట్రోల్ రూములో డైరెక్టరు ముందు ఒక బొత్తాం. బొత్తాం నొక్కితే కార్యక్రమం శబ్దం తగ్గి డైరెక్టరు గొంతు వినిపిస్తుంది. వేలు తీస్తే మళ్లీ కార్యక్రమం వినిపిస్తుంది.

ఇందులో ఒక చిత్రమైన జాగ్రత్త ఉంది. దూరం నుండి మాట్లాడే విలేకరికి అందరి గొంతులూ పంపుతారు, ఆయన సొంత గొంతు తప్ప. దానికి మిక్స్ మైనస్ అని పేరు. ఎందుకంటారా? ప్రసారానికి వాడే ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. తన మాట తనకే అంత ఆలస్యంగా వినిపిస్తే ఎంతటి వక్తకైనా నాలుక తడబడుతుంది. సాటివారి మాట వింటూ మాట్లాడగలడు గాని, తన మాటే తనకు తిరిగి వినిపిస్తుంటే మనిషి మాట్లాడలేడు.

2020లో లాక్‌డౌను వచ్చి దేవాలయాల తలుపులు మూతపడ్డప్పుడు, ఎన్నో విచారణలలో దివ్యబలిపూజను ఫోనులోనే ప్రత్యక్షంగా చూపించారు. ఆ అలవాటు పండుగలకు ఇంకా నిలిచింది. అటువంటి చోట వ్యాఖ్యానం చెప్పేవారికి ఇయర్‌పీస్ అమర్చాలనుకునే యువకులకు రెండు మాటలు. మిక్సరులో వ్యాఖ్యాత మైకును కలపకుండా ఒక విడి అవుట్‌పుట్ తీసి ఆయన చెవికి ఇవ్వండి. శబ్దం తక్కువ పెట్టండి, చెవి ఒక్కటే గదా కాపాడుకోవలసింది. ఒకరు వాడిన ఇయర్‌పీస్ తుడవకుండా మరొకరికి ఇవ్వవద్దు. చెప్పవలసిన మాటలు ముందే అనుకుని, "ఆపు", "నెమ్మదిగా", "ఒక్క నిమిషం" అని క్లుప్తంగా చెప్పండి. ఆయన వాక్యం మధ్యలో ఉన్నప్పుడు బొత్తాం నొక్కవద్దు. పరికరం గురించి ఇంత చాలు. ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

చెవిలో చెబితే విని చెప్పడం మోసమా? కాదనే నా సమాధానం. క్రిస్మసు నాటకంలో తెర వెనుక ఉపదేశిగారు నిలబడి, మాట మరచిన చిన్న గొల్లవానికి అందిస్తూ ఉంటారు. అందులో మోసమేమీ లేదు. అసలు మనం మాట్లాడే మాటల్లో మనం పుట్టించినవి ఎన్ని? అమ్మ చెబితే పలికాం, పంతులుగారు దిద్దితే రాశాం. పునీత అగస్టీను క్రీ.శ. 389 ప్రాంతంలో గురువును గురించి ఒక సంభాషణా గ్రంథం రాశారు. అందులోని ఆలోచన ఇది: బయటి గురువు పలికే మాట గుర్తుచేస్తుంది, చూపిస్తుంది. అది నిజమా కాదా అని తూచవలసింది మాత్రం వినేవాడు, తన లోపల వెలిగే సత్యపు వెలుగులో. కనుక ప్రతి మాటా ఒకవిధంగా అందించిన మాటే. అందుకున్నందుకు సిగ్గుపడనక్కరలేదు.

అయితే మరొక ఉదాహరణ చూడండి. 2017 అక్టోబరులో చెన్నైలో సివిల్ సర్వీసు పరీక్ష రాస్తున్న ఒక యువ పోలీసు అధికారిని పట్టుకున్నారు. ఆయన చెవిలో చిన్న బ్లూటూత్ పరికరం ఉందని, హైదరాబాదు నుండి భార్య సమాధానాలు చెబుతోందని పోలీసుల ఆరోపణ. 2021లో రాజస్థానులో ఉపాధ్యాయ అర్హత పరీక్షకు చెప్పుల అట్టలో పరికరం దాచుకుని వచ్చినవారు దొరికారు. విలేకరి చెవిలోనూ పరికరమే, వీరి చెవిలోనూ పరికరమే. మరి తేడా ఎక్కడుంది?

తేడా యంత్రంలో లేదు, ఎదుటివానికి ఇచ్చిన మాటలో ఉంది. పరీక్ష రాసేవాడు కూర్చోవడంతోనే "ఇది నాకు తెలిసినది" అని మాట ఇస్తున్నాడు. విలేకరి ఆ మాట ఇవ్వడు. "నేను చెప్పేది నిజం" అని మాత్రమే ఇస్తాడు. స్టూడియోవారు ఒక అంకె సరిదిద్దితే ఆ మాట మరింత నిలుస్తుంది. పరీక్షలో సమాధానం సరైనదే అయినా ఇచ్చిన మాట తప్పినట్టే.

మరి నిజం చెప్పడానికే వచ్చిన విలేకరి చెవిలో తప్పుడు మాట పడితే? ఒక మాదిరి చెబుతాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. విలేకరి ఎదురుగా నిలబడ్డాడు. చెవిలో గొంతు అంటుంది: "ఆమెను ఏడిపించు, ఇంకా దగ్గరికి వెళ్లు." చెప్పినవాడు ఆ తల్లిని తెర మీద చూస్తున్నాడు. ఈయన ఆమె కళ్లలోకి చూస్తున్నాడు. రేపు ఎవరైనా నిలదీస్తే "పైవాళ్లు అడగమన్నారు" అంటే సరిపోతుందా? సరిపోదు. అడగమన్నవానికి పాపం లేదని కాదు, అతనికీ వాటా ఉంది. అయితే ఒకరి వాటా పెరిగినంత మాత్రాన మరొకరిది మాఫీ కాదు. చెవికీ నోటికీ మధ్య జానెడు దూరమే. ఆ జానెడు దూరాన్ని మాట తనంతట దాటదు, మనిషి దాటించాలి. మనస్సాక్షి కాపురం అక్కడే.

పిలాతును తలచుకోండి. న్యాయపీఠం మీద కూర్చుని ఉండగా ఆయన చెవిలో రెండు గొంతులు పడ్డాయి. ఆ నీతిమంతుని జోలికి పోవద్దని భార్య కబురు పంపింది. సిలువ వేయమని గుంపు కేకలు వేసింది. ఆయన పెద్ద గొంతును విని, నీళ్లు తెప్పించి చేతులు కడుక్కున్నాడు. రెండు వేల ఏళ్లయినా విశ్వాస సంగ్రహంలో ఆయన పేరు పలుకుతూనే ఉన్నాం గాని, కేకలు వేసిన వారిలో ఒక్కరి పేరైనా పలకడం లేదు.

అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు, క్రీ.పూ. 399లో, గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు తన విచారణలో ఒక సంగతి చెప్పినట్టు ప్లేటో రాశాడు. చిన్ననాటి నుండి తనకు ఒక లోగొంతు వినిపించేదట. అది ఎన్నడూ "ఇది చేయి" అని తోయలేదట, చేయరానిదానికి పూనుకున్నప్పుడు ఆపేదట. పిలాతు భార్య కబురూ అటువంటిదే గదా. నిన్ను ఆగమనే గొంతును ఒకసారి వినిచూడు. నిన్ను తోసే గొంతును రెండుసార్లు పరీక్షించు. అన్నివేళలా కాకపోయినా, చాలావరకు పనికివచ్చే కొలత ఇది.

ఇప్పుడు మన ఇంటికి రండి. జ్ఞానవివాహ సమయంలో గురువు ఒక్కొక్క మాట అందిస్తుంటే వధూవరులు వెంట పలుకుతారు. అక్కడ మాటలు అందించినవే, అందులో తప్పు లేదు. కాని 1983 నాటి శ్రీసభ చట్టం 1057వ అధికరణం ప్రకారం సమ్మతిని ఏ మానవ శక్తీ వారి బదులు ఇవ్వలేదు. బలవంతం చేసి, గట్టి భయం పెట్టి జరిపించిన వివాహం చెల్లదని 1103వ అధికరణం చెబుతోంది. మాట అందించవచ్చు, మనసు అందించలేం. "అడిగితే సరేనని చెప్పు తల్లీ, పరువు పోతుంది" అని ముందురోజు రాత్రి పిల్ల చెవిలో పోసి పంపిన ఇల్లు మన మధ్య లేదంటారా? పీఠం ముందు ఆ బిడ్డ సరేనంటుంది. అది ఎవరి మాట?

పెద్దలు చెప్పకపోతే పిల్లలు దారి తప్పరా అని మీరడగవచ్చు. చెప్పాలి, చెప్పకపోవడం కూడా తప్పే. కాని ఆ బొత్తాం గుర్తుంచుకోండి. వేలు తీయకుండా నొక్కి ఉంచితే విలేకరికి ఎదుట నిలిచిన రైతు మాట వినిపించదు. చెప్పవలసింది క్లుప్తంగా చెప్పి, వేలు తీయాలి. అప్పుడే పిల్లలు తమ ఎదుటనున్న మనిషిని చూడగలుగుతారు, తమ లోపలి గొంతు వినగలుగుతారు. బాలుడైన సమూవేలు రాత్రివేళ పిలుపు విని మూడుసార్లు ఏలీ వద్దకే పరుగెత్తాడు. ఆ వృద్ధ యాజకుడు బదులు ఎలా చెప్పాలో నేర్పి, తిరిగి పడుకోమని పంపాడు. ఆ మాట తానే పోయి చెప్పలేదు.

ఈ వారం మీ పిల్లలతో ఏదైనా పెద్ద విషయం మాట్లాడవలసి వస్తే, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, ఆపై "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. బదులు వచ్చేదాకా ఓపిక పట్టండి.